మోకాళ్ళ చోటు

మైక్రాకి పన్నెండేళ్ళు, సుధన్వకి పధ్నాలుగు.
ఇద్దర్లో పెరిగింది వాడొక్కడే.

రోజూ పొద్దున స్విండన్ వీధుల్లో బడికి వెళ్తుంటే
నా సీటు వీపుకి వాడి మోకాళ్ళు ఆని ఉంటాయి
గుడ్డసంచిలో రెండు కొబ్బరికాయల్లా.
బ్రేకు వేస్తే కుడిది,
మలుపు తిప్పితే ఎడమది.
"కాస్త సర్దుకోరా" అంటాను.
"ఎక్కడికి?" అంటాడు.
నిజమే, ఎక్కడికి?
పక్కన మేదిని, దాని పక్కన
బడివాళ్ళు అరువిచ్చిన ట్రాంబోన్ పెట్టె
(దానికీ బెల్టు పెట్టాం),
కాళ్ళ దగ్గర పది కిలోల బియ్యం మూట.
ఇల్లు ఇరకటం ఆలి మర్కటం అన్న పెద్దమనిషి
ఒక్కసారి మా బండి ఎక్కి ఉంటే
సామెతకి ఇంకో పాదం తగిలించేవాడు.

భార్గవ మూడు వారాలు నిద్ర మానుకుని
ఫోన్లో కార్లు చూశాడు
సంబంధాలు వెతికే మేనత్తలాగా.
ఒకదానికి మైళ్ళెక్కువ, ఒకదానికి అడుగున తుప్పు,
ఒకదాని జాతకమే దొరకలేదు,
సర్వీసు పుస్తకం ఇల్లు మారినప్పుడు పోయిందట.
ఏ ఏడు ఏ టైరు అరిగిందో
ఏ లైటు మసకబారిందో
సర్కారువాళ్ళు పూసగుచ్చినట్టు రాసిపెట్టిన చిట్టా
దుప్పట్లోంచి నాకు చదివి వినిపించేవాడు.
మనుషులకీ ఉంటే బాగుణ్ణు అలాంటిది:
ఈ ఏడు పాస్, అయితే ఎడమ మోకాలు గమనిస్తూ ఉండండి.

శనివారం హైవర్త్‌లో
తుంపర పడుతుంటే, ఆ తుంపరలోనే
కారు కడుగుతూ కనిపించాడు హోర్‌వుడ్.
బూడిదరంగు ఆక్టావియా ఎస్టేట్.
డిక్కీ తలుపెత్తి "ఎంతైనా పడుతుంది" అన్నాడు,
ఇంకేం చెప్పాలో తెలీనట్టు.
లోపల కార్పెట్ నిండా లేత మీగడరంగు వెంట్రుకలు.
"మూడుసార్లు వాక్యూమ్ పట్టాను, రావడం లేదు" అని
మేం అడక్కుండానే నూటయాభై పౌన్లు తగ్గించాడు.
మేదిని అడిగేసింది: "కుక్క ఏదీ?"
ఆయన వంగి ముందు చక్రం తడిమాడు.
"ఇవి కొత్తవి" అన్నాడు,
"పోయిన నవంబరులోనే వేయించాను."
బేరం కోసం భార్గవ రాసుకొచ్చిన కాగితం
జేబులోనే ఉండిపోయింది.

సుధన్వ వెనక కూర్చుని కాళ్ళు చాపాడు.
చాపుతూనే ఉన్నాడు.
వాణ్ణి చివరిదాకా చూడటం
నాకూ అదే మొదటిసారి.
"అమ్మా, ఇక్కడ షటిల్ ఆడొచ్చు!"

మైక్రాని తొమ్మిది వందలకి
ఒక నర్సింగ్ అమ్మాయి తీసుకెళ్ళింది.
ఒక్కతే. ఒక్కతికి అది మేడ.

సోమవారం.
ఐదు చిన్న సున్నాలు కలిసి ఒక పెద్ద సున్నా చుట్టూ
తిరగళ్ళన్నీ ఒకేసారి తిరుగుతున్నట్టుండే మా ఊరి కూడలి.
బస్సుకి దారిచ్చి బ్రేకు వేశాను.
వీపుకి ఏమీ తగల్లేదు.
ఎడమకి తిప్పాను. ఊహూఁ.
దిగిపోయాడేమోనని ఒక్క క్షణం గుండె జారింది,
అద్దంలో చూస్తే ఉన్నాడు,
చెవుల్లో వైర్లు, చూపు కిటికీలో,
పక్కవీధిలో ఎవరింటి అరుగు మీదో కూర్చున్నట్టు.
ఇంత చోటు కొనుక్కున్నాం కదా,
నాలుగేళ్ళ వాయిదాల మీద.
వెనక డిక్కీలోంచి ఒక వెంట్రుక ఎగిరొచ్చి
స్టీరింగు మీద వాలింది. దులపలేదు.

మంగళవారం అందరికంటే ముందు వాకిట్లోకి వెళ్ళి
సీటు కింద కడ్డీ పట్టుకుని
ఒక నొక్కు వెనక్కి జరిగాను.
చాల్లేదు. ఇంకొకటి.
క్లచ్చి కాలివేళ్ళ కొసలకి మాత్రమే అందుతోంది.
వాడొచ్చాడు, ఎక్కాడు, తలుపేశాడు.
"అమ్మా, కొంచెం ముందుకి జరగవా" అన్నాడు.

వినపడనట్టు
బండి స్టార్ట్ చేశాను.