ఫోనుకు చెప్పిన అబద్ధం

అడ్వాన్సులో పట్టుకుంటాలే అని
మేస్త్రీ గిడ్డయ్య ఇచ్చిన ఫోను ఇది.
అంచున సన్న పగులు, వెనక నెమలిబొమ్మ కవరు.

ఊరికే పెట్టినా కాలేది,
అప్పుడే పెనం దించిన రొట్టె మాదిరి.
రాత్రి నిండుగా చార్జింగు పెడితే
తెల్లారి మిల్లు సైరనుకు సగం ఖాళీ.
పాతది గదా అనుకుంటిని.

కానీ కూలి పెంచమని మేము
దూది బోరాల చాటున అనుకున్న మాట
మర్నాడు గిడ్డయ్య నోట్లో నానుతుండేది.
"బుధవారం కాటా కాడ కూర్చుంటారంట గదా"
అని బీడీ ఆర్పుతా నవ్వేవాడు.

ఆరుమందిమి. అందులో ఎవరు?
ఉరుకుందమ్మ అనుకుంటిని.
వాళ్లాయన గిడ్డయ్యకు దూరపు చుట్టం,
మొన్న కొత్త కమ్మలు పెట్టుకుండె,
ఇంతకంటే సాక్ష్యం ఏం కావల్ల?
రెండు నెలలు ఆమె గిన్నెలో చెయ్యి పెట్టలే.
ఉగ్గాని తెస్తే
కడుపు బాగలేదంటిని.

ఆదోని పాత బస్టాండు కాడ
షేక్షావలి అంగడికి పోతిని.
నాడి పట్టినట్టు పట్టినాడు ఫోనును.
"అక్కా, తలకాడ ఈ పచ్చ చుక్క చూసినావా?
మైకు తెరుచుకుంటే వెలుగుతాది.
నువ్వు మాట్లాడకున్నా వెలుగుతాంటే
ఏదో వింటాందని."
నెట్టు లెక్క తీసినాడు.
నేను నిద్రపోయిన గంటల్లోనే ఎక్కువ ఖర్చు.
పంచాంగం బొమ్మ ఒకటుండె,
నొక్కితే తిథి రాలే, వారం రాలే.
"ఇదే కావచ్చు. కాకపోనూవచ్చు.
తీసేయమంటావా?"

వద్దంటిని.
దొంగ ఉండాడని తెలిస్తే చాలదు,
ఎవరు పంపిన దొంగో తెలియల్ల.

ఆ రాత్రి పిల్లోళ్లు పండుకున్నాక
ఫోనును పీట మీద కూర్చోబెట్టి
దానికొక్కదానికే చెప్తిని:
"శుక్రవారం పొద్దున ఐదుకి
రైలు గేటు అవతల పాత కాటా కాడికి
అందరూ రండి. కాగితం మీద వేలిముద్రలెయ్యల్ల."
మొగుడితో కూడా అనలే.
ఆ మాట నాకూ దానికీ మధ్యనే.

శుక్రవారం గేటు ఇవతల
పత్తికట్టెల బండి చాటున నిలబడి చూస్తిని.
మంచులో ఒక బీడీ నిప్పు.
గిడ్డయ్య. పక్కన ఇంకిద్దరు.
ఎవరూ రాని చోట
మాటిమాటికీ గడియారం చూసుకుంటా.

నవ్వు రావల్ల గదా. రాలే.
అట్లయితే ఉరుకుందమ్మ కాదు.
అట్లయితే ఆ ఉగ్గాని...

గోడకు చెవులుంటాయనేది మా అవ్వ.
ఉంటే ఉండనీ,
ఏ గోడా నాకు నేస్తురాలి మీద
అనుమానం పెట్టలే.

ఫోనును సజ్జల డబ్బాలో పూడ్చి
మూత బిగిస్తిని.
వినుకోనీ, పురుగు నమిలే చప్పుడు.

ఉత్త చేతులతో పోయి ఆమె గడప కాడ నిలబడితిని.
బొరుగులు నానబెడతా ఉండె.
నా మొగం చూడలే, చేతులు చూసె.
"నా ఉగ్గాని వద్దన్నపొద్దే అనుకుంటి,
మాటలు మోసేది నువ్వే అని."

ఇప్పుడు ఏమైనా మాట్లాడుకోవచ్చు,
వినేటోళ్లు లేరు.
ఐనా చానాసేపు ఇద్దరమూ
బొరుగుల్లో నీళ్లు పిండుతా ఉంటిమి.