తెల్ల బిళ్ళ

ముప్పై ఏండ్లు ఇనుముతో మాట్లాడినోణ్ని.
దానికి కోపమొస్తే నిప్పులు కక్కుతుంది, తెలిసిపోతుంది.
ఈ తెల్లది అట్ల కాదు.
చక్‌లో బిగిస్తే మూగగా నలుగుతుంది,
వదిలితే మళ్ళీ ఉబ్బుతుంది,
లోపల ఏమనుకుంటా ఉండాదో
ఒక్క ముక్క చెప్పదు.

కరకంబాడి రోడ్డులో, మా రేకుల షెడ్డులో
పరిమళ మేడం ఆ టెఫ్లాన్ దిమ్మె దించి
"దీన్ని అద్దం చెయ్యాల చెంగల్రాయన్నా" అనింది.
చూపు దూరని ఈ పాలగడ్డ
అద్దమెట్లవుతాది మేడం అంటే
"నీ కంటికి కాదులే" అని నవ్వింది.

కందిబద్దంత అలంట.
రాడార్ గొట్టం మూతిలో పుట్టి
ఎటుపడితే అటు చెదిరిపోతాదంట.
దాన్ని వరసలో నిలబెట్టాల, ఈ బిళ్ళ.

ఎట్ల?

"శ్రీవారి మెట్టెక్కినోడూ, అలిపిరిలో ఎక్కినోడూ
పైన ఒకే గడియకు కలవాలంటే ఏం చేస్తావు?"
దగ్గరదారోణ్ని మెల్లగా నడిపిస్తాను అన్నాను.
"అంతే. అందుకే నడుమ మందం.
అక్కడ అల కాళ్ళీడ్చుకుంటా పోతాది.
అంచు పలచన, చుట్టుదారోడికి ఆటంకం తక్కువ."
ఇన్నేండ్లలో ఒక డ్రాయింగు
నాకట్ల అర్థం కావడం అదే మొదలు.

మొదటి బిళ్ళ మిట్టమధ్యాన్నం తీసినాను.
నెత్తిన రేకులు పెనం మాదిరి కాగుతా ఉంటే
మైక్రోమీటరు సరిగ్గానే ఉందనింది.
మేడం ఏసీ గదిలో కొలిస్తే
పావు మిల్లీమీటరు తక్కువ.
ఎండకు ఉబ్బిన కొలతను
నిజమనుకొని కోసినా.
ఇనుము నన్నెప్పుడూ ఇంత మోసం చెయ్యలేదు.

రెండోదానికి రాత్రి మూడుకు లేచినాను.
ఉలి మూడుసార్లు నూరినాను.
రేణిగుంట జంక్షన్లో ఏదో బండి లేటని
మైకు చెప్తానే ఉండాది, ఎవరికో.
తెగకుండా వచ్చే పొట్టు ఇడియాప్పం మాదిరి చుట్టుకుంటే
ఇలియాజ్ దాన్ని మెడలో వేసుకొని
పెండ్లికొడుకు లెక్కన తిరిగినాడు.
తిట్టలేదు. చెయ్యి ఆపితే గీత పడతాది.

వారానికి కాలేజీకి పిలిపించినారు.
డబ్బాకు ముందర నా బిళ్ళ, మరలు బిగించి.
"మేస్త్రీ, ఆ సున్నం గీత కాడ నిలబడు. కదలొద్దు."
కంప్యూటర్లో పచ్చటి అల
లేస్తా, పడతా ఉండాది.
"అదేంది?"
"నువ్వే. నీ ఊపిరి."
చొక్కా వేసుకొనే ఉన్నాను. మూడు గజాల దూరం.
దగ్గొచ్చింది. తెర మీద గుట్ట లేచింది.
ఈ దుమ్ము దగ్గును ఇంట్లో దాస్తానే ఉండాను,
ఆడ అందరి ముందరా నిలబడి చూసింది.

"ఇప్పుడు బిగబట్టు."
బిగబట్టినాను.
అల చదునైంది, అయితే పూర్తిగా కాదు.
ఆ చదును మీద
చిన్న చిన్న చిటికెలు,
ఎవురో లోపలినుంచి తట్టినట్టు.
మేడం ఏమీ చెప్పలేదు,
చెయ్యి తన రొమ్ము మీద పెట్టుకొని చూపించింది.

బిల్లు రాసేటప్పుడు చానా సేపు కూర్చున్నాను.
సరుకు వాళ్ళదే.
కూలి, రెండు రాత్రులు.
ఉలి నూరింది వేసుకోలేదు.
పాడైన మొదటి బిళ్ళ
గల్లాపెట్టె మీద కాగితాలెగరకుండా పెట్టినాను.
ఎండకు ఉబ్బుతాది,
రాత్రికి తగ్గుతాది.