నీలం దారం

శనివారం. ఎస్తెలీలో ఫ్యాక్టరీలు మధ్యాహ్నానికే మూతపడతాయి.
టైర్ల కొట్టు వెనక, రేకుల చూరు కింద
మేం ముగ్గురం, ఆరు చుట్టలు.
బంగారు పట్టీలు ఊడదీసి
జతజతకీ కసీల్దా దారాలు కట్టింది:
ఎరుపు, తెలుపు, నీలం.
ఏది ఎక్కడిదో ఆమెకే తెలుసు. ఆమె పొగ తాగదు.
ముప్పయ్యొక్క ఏళ్లుగా రోజుకు మూడొందలు చుట్టిన చేతులు;
పెదవి మాత్రం ఒక్కదానికీ ఆనించలేదు.

నా పని లెక్క రాయడం.
గీతల నోటుపుస్తకం, అట్ట మీద కాఫీ మరక,
లోపల పదకొండేళ్ల శనివారాలు.

రుచి చెప్పేది ఎర్మోహెనెస్.
ఒకప్పుడు అతను "ఊఁ" అంటేనే పెట్టెకు మేకు పడేది.
దేవదారు పుల్లతో అంటిస్తాడు ఇప్పటికీ,
మంట తగలనివ్వడు,
సెగ చాలంటాడు.

ముందు ఎరుపు.
హలాపా లోయ ఆకు, నేనైనా పోల్చగలను:
అడుగంటిన పాల మీద బెల్లంపొడి చల్లినట్టు,
ముక్కులోంచి వదిలితే చివర్న కాస్త వగరు,
జీడిపండు కొరికిన నాలుకలా.
"మంచిపిల్ల," అన్నాడు. "మరీ మంచిపిల్ల. ఎనభై ఎనిమిది."
రాశాను.

తెలుపు.
అగ్నిపర్వతం కక్కిన నల్లమట్టిలో
ఒమెతేపె దీవి మీద పెరిగిన ఆకయి ఉండాలి.
ఈ పొగ నాలుక మీద కూర్చోదు, నిలబడుతుంది.
మిరియం, ఇనుము, వాన తడిపిన బొగ్గులకుప్ప.
సగానికొచ్చేసరికి పొగరు దిగి
కోకో కాచిన గిన్నె అడుగులా కమ్మగా మారింది.
బూడిద రెండంగుళాలు నిలిచింది, రాలలేదు.
"తడిసిన గుర్రపుజీను," అన్నాడతను కళ్లు మూసుకుని,
"దాని కింద ఎక్కడో నారింజతొక్క."

నారింజ నాకు తగల్లేదు.
పేజీలు వెనక్కి తిప్పాను.
ఏడేళ్ల కిందటి ఆగస్టు. వేరే చుట్ట.
అదే జీను, అదే నారింజ.

ఏమీ అనలేదు.

ఇక నీలం.
అంటించగానే నా కళ్లలో నీళ్లు.
మాగని ఆకు. పశువులపాక మూలలో
రాత్రంతా మగ్గిన ఘాటు.
నిన్న పనిలో చేరిన కుర్రాడైనా ఉమ్మేసేవాడు.
ఎర్మోహెనెస్ నిదానంగా పీల్చాడు, నిదానంగా వదిలాడు.
"శుభ్రం," అన్నాడు. "తొంభై."

కసీల్దా నా వైపు చూసింది.
ఆ దారం ఎందుకు కట్టిందో అప్పుడర్థమైంది.

జనవరిలో వచ్చిన జ్వరం అతని ఒళ్లు వదిలింది గాని
పోతూ పోతూ ముక్కును వెంట తీసుకుపోయింది.
అన్న చెప్పలేదు. చెల్లెలు అడగలేదు.
చెయ్యి పడిపోయినవాడికి ఈ ఊళ్లో కుర్చీ వేస్తారు.
వాసన పోయినవాడికి ఏం వెయ్యాలో ఎవరికీ తెలీదు.
పొమ్మనలేక పొగబెడతారంటారు;
మేం ఉండిపొమ్మని అడగలేక
ప్రతి శనివారం పెడుతున్నామేమో.

పెన్ను ఆగింది.
తొంభై అని రాయాలా?

అతను చుట్టని చెవి దగ్గర పెట్టుకుని
వేళ్లతో మెల్లగా నొక్కుతూ పోయాడు. మళ్లీ పీల్చాడు.
"కసీల్దా, ఇదిగో, దారానికి వేలెడు పైన
లోపలి ఆకు మెలిపడింది. గాలి దారి తడుముకుంటోంది.
నీ ఎడమ బొటనవేలు మళ్లీ సలుపుతోందా?"

ఆమె ఆ చేతిని ఒళ్లో దాచుకుంది.
"వానల్లో అంతేగా," అంది, చాలాసేపటికి.

అన్నట్టే రేకుల మీద చినుకులు.
నీలాన్ని ఎవరూ పారెయ్యలేదు.
చుట్టని నలిపి ఆర్పకూడదని నేర్పింది అతనే:
పక్కన పెట్టి, దానంతటది ఆరేదాకా దగ్గర కూర్చోవాలి.
ఆ పచ్చి కంపుకీ అదే మర్యాద జరిపాం.

నీలం గడిలో అంకె వెయ్యలేదు.
"ఎడమ బొటనవేలు" అని రాశాను.
దాని కింద, మర్చిపోకుండా:
వచ్చే శనివారం, నొప్పినూనె.