రఫ్ స్కెచ్

ఇసుకతోట జంక్షన్.
కారుకి ఒక డబ్బా, స్కూటీకి ఒక గీత,
డివైడర్‌కి రెండు గీతలు,
ఉత్తరం ఎటో చెప్పే బాణం.
కింద రాశాను: స్కేలుకి గీసింది కాదు.

"ఇండికేటర్ వేశానండీ,
సగం తిరిగాక వచ్చి గుద్దాడు" అన్నారు
ఎంవీపీ కాలనీకి కుడి తిరిగిన హైమావతి గారు.
"నాను తిన్నగా వస్తన్నాను బాబూ,
తిన్నగా వచ్చినోడిది తప్పేటి?"
భీమిలి చేపలు తెస్తున్న గరికిన ఎల్లాజీ,
మోకాలు రెండు చేతులా పట్టుకుని.

పెట్టె పగిలి రోడ్డంతా ఐసు.
టేపు తెచ్చేలోగా కరిగి
పల్లానికి పోయింది.
అది ఎవరి పక్షమూ చెప్పలేదు.

మూడేళ్లకి ట్రిబ్యునల్ తేల్చింది:
తిరిగేవాళ్లు ఆగి చూడాలి కనుక డెబ్భై,
జోరు తగ్గించనందుకు ముప్ఫై.
వందకి వంద సరిపోయింది.

నేను గీయనిది ఒకటుంది.
డివైడర్ మీద పుట్టినరోజు ఫ్లెక్సీ,
సముద్రం గాలికి పొట్ట ఉబ్బించుకుని
వచ్చేవాడికి తిరిగే కారునీ
తిరిగే ఆవిడకి వచ్చే బండినీ
చూపించకుండా నవ్వుతున్న నిలువెత్తు మొహం.
మధ్యాహ్నానికి ఎవరో విప్పుకుపోయారు.
అంతకుముందే స్టేషన్‌కి ఫోనొచ్చింది.
పెన్సిల్ అక్కడ ఆగింది.
బోనులో లాయరు అడిగాడు:
"చూపుకి అడ్డం ఏమైనా ఉందా?"
కాగితం చూసి చెప్పాను,
"స్కెచ్‌లో లేదండీ."

ఎల్లాజీ కర్రతో నడుస్తున్నాడు.
హైమావతి గారు ఇప్పుడు
చుట్టు తిరిగి ఎడమ నుంచే ఇల్లు చేరతారట.

ఫ్లెక్సీ కట్టిన తీగ ముక్క
ఇంకా ఆ స్తంభానికే ఉంది.
నిన్న డ్యూటీలో విప్పబోతే
వేలు తెగింది.
తప్పెవరిదని
ఎవరూ అడగలేదు.