పైకప్పు మీద పెన్సిల్ గీతలు

"బొమ్మ రావట్లేదు, కాస్త చూస్తావా"
అని థోరా నా ట్రైలర్ తలుపు తట్టింది.
మోంటానాలో అక్టోబరు సాయంత్రం. గాలి
పక్కవాళ్ళ గుడారం మేకుల్ని పీకి చూస్తోంది.

ఆమె మంచం పైన, కప్పుకి ఓ పిడి.
తిప్పితే ఏంటెనా లేస్తుంది, కిందికి లాగి తిప్పితే దిక్కు మారుతుంది.
చుట్టూ పెన్సిల్ గీతలు, పక్కన ఊళ్ళ పేర్లు.
మైల్స్ సిటీ. గ్లెండైవ్.
విలిస్టన్, "వానలో దండగ".
వెర్లిన్ రాత. మార్చిలో ఆగిపోయింది.

నేను నా తెలివంతా చూపించాను.
కొండ అడ్డమన్నాను, నిచ్చెనెక్కి కేబుల్ తుప్పు గీకాను,
వేళ్ళు కొంకర్లు పోయాయి.
వెనకటికి తెర మీద చుక్కలైనా కురిసేవి,
చుక్కల వెనక ఎవరో ఒకరు కదిలేవారు.
ఇప్పటి బొమ్మకి మొహమాటం లేదు,
ఉంటే ఉంది, లేకుంటే నలుపే.

చివరికి అలమరలో, ఓట్స్ డబ్బా వెనక
గోరంత స్విచ్. బూస్టర్.
"నేనే ఆపాను," అంది థోరా.
"రాత్రంతా ఎర్రగా నన్నే చూస్తోందని."

నొక్కాం. తిప్పాం. గ్లెండైవ్ గీత దగ్గర ఏమీ లేదు.
విలిస్టన్ గీత మీద
గ్లెండైవ్ వాతావరణమాయన తటాలున గదిలోకొచ్చేశాడు,
రేపు మంచు అంటూ.

అవును మరి,
వెర్లిన్ బండిని ఎప్పుడూ రోడ్డుకి ముఖం పెట్టి నిలిపేవాడట.
ఈసారి ఆమె
నదికి పెట్టింది.

థోరా మంచమెక్కి నిలబడింది.
ఏ గీతా చెరపలేదు.
విలిస్టన్ కింద, చిన్న అక్షరాలతో,
"నది వైపు అయితే" అని రాసి
పెన్సిల్ నాకిచ్చింది, దిగడానికి చెయ్యి కావాలని.