ముందు కాస్త జాగా

సోమవారం, అర్జీల రోజు.
కలెక్టరాఫీసు గోడవార
ఏడింటికే నా గొడుగు తెరుచుకుంటుంది.
చెక్కబల్ల, కార్బన్ కాగితాలు, స్టాంపుప్యాడు,
బొటనవేలి నీలం తుడుచుకోడానికి
మా ఆవిడ పాతచీర ముక్క.
‘అర్జీలు వ్రాయబడును’ అని బోర్డు.
వ్రాసేవాడెవడో ఆ మాటలో లేడు.

సముద్రం ఇక్కడికి వినిపిస్తుంది గానీ
దాన్ని వినడానికి ఎవరూ రారు.

మొదటి బేరం గోపాలపట్నం సన్యాసిరావు.
“ఇల్లు ఖాళీ చేసి మూడు నెల్లయిపోనాది.
అడ్వాన్సు అడిగితే
గోడకి మేకులు కొట్టీసేవంటన్నాడు.
మేకుకెంత పడతాది బాబూ, చట్టంలో?”
చట్టంలో మేకు లేదు.
అయినా ఎన్నో చెప్పమన్నాను. పదకొండు.
‘పదకొండు మేకుల నిమిత్తం
ముప్పైవేలు నిలిపివేసినారు’ అని రాసి
చదివి వినిపిస్తే
ముందు ఆయనే నవ్వాడు.

పెందుర్తి అవతల్నుంచి అన్నదమ్ములు,
ఒకటే సర్వే నంబరు, ఒకరి మొహం ఒకరు చూసుకోరు.
పట్టాలో ఉన్న సెంటున్నర నేలమీద లేదు.
ఎటు పోయిందో రోడ్డుకి తెలుసు.
రోడ్డు సాక్ష్యానికి రాదు.

కంచరపాలెం పిల్ల.
ఆధార్లో హేమావతి, టెన్త్ సర్టిఫికెట్లో హేమవతి.
వచ్చిన ఉద్యోగం ఆ దీర్ఘం దగ్గర ఆగిపోయింది.
“ఇద్దరూ ఒక్కరేనని
నోటరీ ముందు ప్రమాణం చెయ్యాలమ్మా.”
“ఎవరి మీద?”
“నీ మీదే.”

పదకొండు దాటాక
జాలారిపేట నుంచి అర్జిల్లి నూకరత్నం.
ఇంటిపేరులోనే అర్జీ ఉన్న మనిషి,
ఇన్నేళ్ళలో ఒక్కటీ పెట్టలేదు.
చేపలతట్ట ఎక్కడో దించి వచ్చింది,
నెత్తిమీద చుట్టకుదురు మరిచిపోయింది.
“ఎదవరాలి పింఛనుకి కాయితం రాయి బాబూ.”
పేరు రాశాను. వయసు, సుమారు నలభై నాలుగు.
పెనిమిటి పేరు?
“పోలారావు.”
అలవాటుకొద్దీ కలం
పేరుకు ముందు ‘లేటు’ వైపు పోయింది.
“ఆగు,” అంది.
“వేట నిషేధం ఎత్తీసిన మూడోనాడు ఎల్లినాడు.
బోటొచ్చీసింది. వల వొచ్చీసింది.
మనిషొక్కడే రానేదు.”

శవం లేనిదే మరణపత్రం లేదు.
పత్రం లేనిదే పింఛను లేదు.
ఏడేళ్ళపాటు, ఎరిగినవాళ్ళెవరికీ
కబురు తెలియకపోతే
పోయినట్టే అనుకుంటుంది కోర్టు.
ఈ మాట ఎందరికో చెప్పాను,
బస్సు ఎక్కడాగుతుందో చెప్పినట్టు.

“ఎప్పుడికి నిండతాయి?”
వేళ్ళమీద లెక్కేశాను. ఇంకా ఐదు నెలలు.
“ఈలోగా బతికున్నట్టా?”
“చట్టం ఏమీ అనదమ్మా.”
“మరి నానేటి అనుకోవాల?”

ఆ గడి నా ఫారంలో లేదు.
పోలీసు రిపోర్టు నకలు ఉందా అన్నాను.
ఉంది, బియ్యం డబ్బాలో.
బోటు ఓనరు సంతకం పట్టుకో,
కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం గది ఉంది,
ఆడవాళ్ళని ఫీజు అడగరు.
తెలిసినవన్నీ చెప్పాను,
అడిగినదానికి తప్ప.

“పేరు ముందు కాస్త జాగా ఒదిలీ బాబూ.
ఐదు నెలలు పోనాక నానే వొచ్చి రాయించుకుంటాను.
నేదంటే…
జాగా అలగే ఉంటాది.”

రెండక్షరాల మేర వదిలాను.
సర్వే నంబరు లేని స్థలం.
డబ్బులొద్దని అందామనుకున్నాను, అనలేదు.
యాభై బల్లమీద పెట్టి,
చుట్టకుదురు అప్పుడు తీసి
చంకలో పెట్టుకుని నడిచిపోయింది.

మధ్యాహ్నం జీవీఎంసీ కుర్రాడు
చీటీ ఒకటి చేతిలో పెట్టాడు.
ఫుట్‌పాత్ మూడు దినములలో ఖాళీ చేయవలెను.
ఈ ఏడాదికి ఇది మూడోది.
చూస్తే నా పేరు తప్పు.
దిద్దించాలంటే ఎవరికి పెట్టాలో,
ఏ గదిలో, ఎన్ని నకళ్ళతో, నాకు తెలుసు.
పెట్టను.
ఆ పేరుగలవాడెవడో వచ్చి
ఖాళీ చేసి పోతాడులెమ్మని
గొడుగు గోడవైపు
కాస్త జరిపాను.