చిన్నది గీసిన గీత

సంతకవిటి దాటాక, నాగావళి పక్కన
ముద్దాడ వారి మూడెకరాల ఎనభై సెంట్లు.
గొలుసు నా భుజమ్మీద, పటం చంకలో.
అన్నదమ్ములు ముగ్గురూ మూడు గట్ల మీద నిల్చున్నారు,
ఒకరి నీడ ఒకరి మీద పడకుండా.

రాత్రి చదివిన పుస్తకం ఇంకా తలలోనే ఉంది.
అట్ట ఊడిందని గ్రంథాలయం వాళ్ళు తూకానికి వేస్తుంటే
పది రూపాయలిచ్చి తెచ్చుకున్నాను.
ఎక్కడో వేల్స్ అట. అందులో గ్వినెడ్ అని ఓ రాజ్యం.
కొండలు, ముసురు, గొర్రెలు.
రాజు పోతే కొడుకులందరికీ వాటాలు.
ఇంకేముంది.
అన్న తమ్ముడి కళ్ళు తీయించాడు,
తమ్ముడు అన్నని కోటలో కుక్కాడు,
అన్న కొడుకులు పడవలెక్కి పరాయి సైన్యాన్ని తెచ్చుకున్నారు.
ఆ పేర్లకి నోరు తిరగదు గానీ
ఆ మనుషుల పొలాలు నేను వారానికి రెండుసార్లు కొలుస్తాను.

"నూతి పక్క చెక్క నాదే" తవిటినాయుడు.
"అయ్య మంచాన పడితే మూడేళ్ళు ఎత్తి దించినోడ్ని నాను" పోలినాయుడు.
దాలినాయుడు ఏమీ అనలేదు. పార మీద చెయ్యీ తియ్యలేదు.

అప్పుడు చెప్పాను, ఆ కొండల్లోదే ఇంకో మాట:
వాటాలు వెయ్యాల్సింది కడగొట్టువాడు.
ఏరుకోవడం పెద్దవాడి నుంచి.
ఆఖరికి మిగిలిందే గీసినవాడిది.

తవిటినాయుడు నవ్వాడు. "బాగున్నాది. ఐతే దాలిగాడే గియ్యాల."
దాలి పార వదిలేశాడు.
"నాకన్నా సిన్నది అసిరితల్లి కాదేటి?"

తాటి మొదట్లో, చల్ది గిన్నెతో, అసిరితల్లి.
ఆ రాజుల చట్టంలో ఆడపిల్లకి చెక్క లేదు,
అది చదివాను, చెప్పలేదు.
మన చట్టంలో ఉంది,
అది ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

గిన్నె దించింది. చెప్పులిప్పింది.
నా గొలుసు ముట్టుకోలేదు.
పాదంతో తడి చూసుకుంటూ మడిలో నడిచింది.
ఏ మూల నీరు నిలుస్తుందో, ఏది ముందు బీటలిస్తుందో
ఏటేటా ఉభాలకి నడుం వంచినదానికి తెలుసు.
నూతిని ఎవరికీ ఇవ్వలేదు.
గీతలన్నీ వచ్చి నూతి ఒర దగ్గరే ఆగాయి.

"నాలుగా?" అన్నాడు పోలినాయుడు.
"నాలుగే."

ఏరుకోవాల్సిన తవిటినాయుడు
ఒక చెక్కలోంచి ఇంకో చెక్కకి, మళ్ళీ మొదటిదానికి.
వంగి మట్టి తీస్తాడు, వాసన చూస్తాడు, పారేస్తాడు.
పొద్దు తాటి కమ్మల కిందికి జారింది.
అసిరితల్లి గిన్నె మూత తీసి, ఉల్లిపాయ గట్టు రాయి మీద చితక్కొట్టి,
తినడం మొదలెట్టింది.
నేను గునపం పట్టుకుని నిల్చున్నాను,
మొదటి రాయి ఎక్కడ పాతాలో ఎవరైనా చెప్తారని.